కొత్తరెడ్డిపాలెం సమాజమందిరం: మన సంఘాలు తెలుసుకోవలసిన చరిత్ర



'సమాజమందిరము' అనే మాట తెలుగు బైబిలు చదివేవారికి కొత్త కాదు. యేసు ప్రభువు నజరేతులో విశ్రాంతి దినాన సమాజమందిరానికి వెళ్లి యెషయా గ్రంథం చదివిన సంగతి లూకా సువార్త 4వ అధ్యాయంలో ఉంది. పౌలు ఏ పట్టణం వెళ్లినా ముందుగా అక్కడి సమాజమందిరానికే వెళ్లేవాడని అపొస్తలుల కార్యములు చెబుతుంది. సండే స్కూలు పిల్లలకు కూడా తెలిసిన మాటే ఇది. అయితే ఆ మందిరాలన్నీ గలిలయలోనో మాసిదోనియలోనో ఉండేవని అనుకుంటాం. మన నాగాయలంక నుంచి ఒక పూటలో వెళ్లగలిగినంత దూరంలో ఒకటి ఉందని మనలో చాలామందికి తెలియదు.

పులిగడ్డ-పెనుమూడి వారధి దాటి, రేపల్లె, తెనాలి మీదుగా వెళ్తే చేబ్రోలు వస్తుంది. చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉన్న ఊరంటే అందరికీ తెలుస్తుంది. ఆ చేబ్రోలు పక్కనే కొత్తరెడ్డిపాలెం. అక్కడ తెలుగు మాట్లాడే కొన్ని కుటుంబాలు శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించి, శనివారం విశ్రాంతి దినంగా ఆచరిస్తూ, హీబ్రూ ప్రార్థనలు నేర్చుకుంటూ, తమది ఇశ్రాయేలు సంతతి అని చెప్పుకుంటున్నాయి. వారు తమకు పెట్టుకున్న పేరు బెనే ఎఫ్రాయిము, అంటే ఎఫ్రాయిము సంతానం. ఇదే సమాజానికి చెందినవారు మన మచిలీపట్నంలోనూ ఉన్నారు.

వీరిని గురించి సంఘాల్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. 'క్రీస్తును వదిలేసిన భ్రష్టులు' అని కొందరు అంటారు. 'మన ఆంధ్రలోనే దేవుని ప్రజలు బయటపడ్డారు, చూసి వద్దాం రండి' అని మరికొందరు బస్సు మాట్లాడుకుందామంటారు. ఈ రెండు మాటల్లోనూ ఆ మనుషులు కనబడరు. అందుకే ఆ మందిరం కథను మొదటినుంచి చెప్పుకోవడం మంచిదని తలంచాం.

సమాజమందిరం అంటే ఏమిటి?

దేవాలయం వేరు, సమాజమందిరం వేరు. యెరూషలేములో దేవాలయం ఒక్కటే. బలులు అర్పించేది అక్కడే, యాజకులు సేవ చేసేది అక్కడే. క్రీ.పూ. 586లో బబులోనువారు ఆ దేవాలయాన్ని కూల్చి ప్రజలను చెరపట్టుకుపోయినప్పుడు, పరాయి దేశంలో బలిపీఠం లేకుండా దేవుణ్ణి ఎలా ఆరాధించాలన్న ప్రశ్న పుట్టింది. కూడుకోవడం, లేఖనం చదవడం, ప్రార్థించడం అనే అలవాటు ఆ చెరలోనే మొలకెత్తిందని చాలామంది పండితుల అభిప్రాయం. క్రీ.శ. 70లో రోమీయులు రెండవ దేవాలయాన్ని కూడా కాల్చివేశాక యూదుల విశ్వాసాన్ని నిలబెట్టింది ఈ మందిరాలే.

లోపల ఉండేవి కొద్ది వస్తువులే. చేతితో రాసిన ధర్మశాస్త్రపు చుట్టలను భద్రపరచే మందసం, యెరూషలేము దిక్కుగా. చుట్టను విప్పి చదవడానికి ఒక వేదిక. ఎప్పుడూ వెలుగుతుండే ఒక దీపం. ప్రతిమలు ఉండవు. సంప్రదాయం ప్రకారం సామూహిక ప్రార్థన జరగాలంటే యుక్తవయసు వచ్చిన పదిమంది పురుషులు ఉండాలి. గోడలు ఎంత గొప్పవైనా ఆ పదిమంది లేకపోతే ఆరాధన పూర్తిగా జరగదు. పూరిపాకలోనైనా పదిమంది ఉంటే జరుగుతుంది.

1913లో యెరూషలేములో జరిగిన తవ్వకాల్లో ఒక రాతి శాసనం దొరికింది. యేసు ప్రభువు కాలానికి దగ్గరి కాలంలో అక్కడ థియోదొతు అనే ఆయన కట్టించిన సమాజమందిరపు శాసనం అది. ఆ మందిరం దేనికి కట్టారో అందులో రాసి ఉంది. ధర్మశాస్త్రం చదవడానికి, ఆజ్ఞలు బోధించడానికి, దూరం నుంచి వచ్చిన పరదేశులకు బస, నీళ్లు ఏర్పాటు చేయడానికి. వాక్యం, బోధ, అతిథి. ఈ మూడింటిలో మూడోదాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాం.

కృష్ణా తీరానికి యూదులు ఎప్పుడు వచ్చారు?

తెలుగు నేలకు యూదుల పరిచయం నిన్నటిది కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం ఆ రాజ్యానికి ముఖ్యమైన ఓడరేవు. పర్షియా నుంచి, యూరపు నుంచి ఓడలు వచ్చేవి. గోల్కొండ వజ్రాల వ్యాపారం కోసం 17వ శతాబ్దం చివర యూదు వర్తకులు మద్రాసులో స్థిరపడ్డారు. అంతకుముందే, యూదుడిగా పుట్టి తరువాత ఇస్లాంలోకి వెళ్లిన సర్మద్ అనే పారశీక కవి హైదరాబాదులో నివసించాడు. ఆయన శిష్యుడు అభయచంద్ తోరాలోని ఆదికాండము మొదటి భాగాన్ని పారశీకంలోకి తెచ్చాడు. ఆ అనువాదం 'దబిస్తాన్' అనే గ్రంథంలో చేరింది. ఆ గ్రంథకర్త సర్మద్‌ను 1647లో హైదరాబాదులో కలుసుకున్నాడు. సర్మద్‌ను తరువాత ఔరంగజేబు కాలంలో ఢిల్లీలో శిరచ్ఛేదం చేశారు.

కానీ వీరెవరూ కొత్తరెడ్డిపాలెం వారికి పూర్వీకులని ఎవరూ చెప్పడం లేదు. బెనే ఎఫ్రాయిము వారి కథనం వేరు. అష్షూరు రాజు ఉత్తర ఇశ్రాయేలును చెరపట్టినప్పుడు చెదిరిపోయిన పది గోత్రాల్లో తమది ఒకటని, తమ పూర్వీకులు పర్షియా, ఆఫ్ఘనిస్తాన్, కాశ్మీరు మీదుగా దక్షిణానికి వచ్చి తెలుగువారిలో కలిసిపోయారని వారు చెబుతారు. మృతులను పాతిపెట్టడం, గొడ్డుమాంసం తినడం వంటి తమ ఆచారాల్లో పాత ఇశ్రాయేలు జాడలు ఉన్నాయంటారు.

ఊరు వారిని పిలిచే పేరు మాత్రం మాదిగలు. వారిలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. 19వ శతాబ్దంలో బాప్టిస్టు మిషనరీల సువార్త విని వారి తాతముత్తాతలు క్రైస్తవులయ్యారు. అంటే వారు మనకు పరాయివారు కారు. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచిన కుటుంబాల పిల్లలు.

మందిరం ఎలా మొదలైంది?

1980వ దశకంలో షమూయేలు యాకోబి, ఆయన సోదరుడు సాదోకు యాకోబి ఈ ఉద్యమానికి ముందు నడిచారు. షమూయేలు అంతకుముందు క్రైస్తవ బోధకుడు. యెరూషలేము వెళ్లి యూదుల ఆరాధనను కళ్లారా చూశాక, తన ఇంటి పెద్దలు చెప్పిన మాటలకు, అక్కడి ఆచారాలకు సంబంధం ఉందని ఆయన నమ్మాడు. తెలుగు మాటలకు, హీబ్రూ మాటలకు పోలికలు వెదికాడు. 2002లో తమ సమాజ చరిత్ర మీద ఇంగ్లీషులో ఒక గ్రంథం వెలువరించాడు. 1990వ దశకం మొదట్లో కొత్తరెడ్డిపాలెంలో మందిరం వెలసింది. దానికి బెనే యాకోబ్ అని పేరు పెట్టారు. సాదోకు అక్కడ ప్రార్థనలు నడిపించాడు.

తరువాత అమెరికా నుంచి రబ్బీలు, 'కులాను' అనే సంస్థవారు వచ్చి చూశారు, హీబ్రూ నేర్పారు, ఆచారాలు బోధించారు. యూలియా ఎగోరోవా, షాహిద్ పెర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ ఊళ్లో ఉండి అధ్యయనం చేసి 2013లో ఆంధ్రప్రదేశ్ యూదుల మీద ఒక పుస్తకం ప్రచురించారు. కొత్తరెడ్డిపాలెంలో ఈ సమాజానికి మూలంగా ఉన్నవి సుమారు 40 కుటుంబాలని వారి లెక్క. ఎఫ్రాయిము వంశావళి నిజమా కాదా అని తీర్పు చెప్పడానికి వారు పూనుకోలేదు. కులానికి, మతానికి మధ్య ఆ కుటుంబాలు తమ గుర్తింపును ఎలా కట్టుకుంటున్నాయో చదివారు. మేము కూడా ఆ హద్దు దాటదలచుకోలేదు. వంశావళులను తేల్చడం సంపాదకుల పని కాదు.

ఒక విషయం మాత్రం చెప్పాలి. శనివారం పని మానుకోవడం ఉద్యోగికి, వ్యాపారికి ఒక లెక్క, కూలి మనిషికి ఇంకో లెక్క. నాట్లప్పుడో కోతలప్పుడో ఒక రోజు మానుకుంటే ఆ రోజు కూలి పోయినట్టే. మరుసటి రోజు మేస్త్రీ పిలుస్తాడో లేదో తెలియదు. ఆదివారం ఆరాధన కోసం కూలి పోగొట్టుకునే మన పల్లె విశ్వాసులకు ఈ బాధ వివరించనక్కరలేదు. వినోదం కోసమో పేరు కోసమో ఎవరూ అంత వెల చెల్లించరు.

ఆ సంవత్సరాలు ఎలాంటివి?

ఈ మందిరం మొలకెత్తిన కాలాన్ని కూడా చూడాలి. 1985 జూలైలో కారంచేడులో మాదిగలను చంపారు. 1991 ఆగస్టులో గుంటూరు జిల్లా చుండూరులో మాలలను చంపి కాలువలో పడేశారు. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలై, పేరు చివర 'మాదిగ' అని గర్వంగా రాసుకోమని పిలుపునిచ్చింది. ఈ సంఘటనల వల్లనే సమాజమందిరం వచ్చిందని మేము అనడం లేదు. కానీ 'మేము ఎవరం?' అన్న ప్రశ్న ఆ పదేళ్లలో మన పల్లెల్లో ప్రతి గడపలోనూ ఉంది. కొందరు దండోరాలో జవాబు వెదికారు, కొందరు అంబేద్కరు చూపిన బౌద్ధంలో వెదికారు. కొత్తరెడ్డిపాలెం వారు ఎఫ్రాయిము గోత్రంలో వెదికారు.

ఒకప్పుడు మన తాతలు ఆ ప్రశ్నకు జవాబు క్రీస్తులో కనుగొన్నారు. తోళ్ల వ్యాపారం చేసిన యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొంది తన మాదిగ జనులకు సువార్త మోశాడు. 1876-78 కరవులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చాడు. కరవు తీరాక 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కృష్ణా జిల్లాలో 1859లో బాప్తిస్మం పొందిన మాల పెద్ద పగోలు వెంకయ్య వెనుక ఊళ్లకు ఊళ్లు వచ్చాయి. ఊరి చెరువులో నీళ్లు ముట్టనివ్వని వారికి జీవజలం దొరికింది. ఆ సాక్ష్యాన్ని మనం ఎన్నటికీ మరచిపోకూడదు.

కానీ ఆ చరిత్రలో రెండో పేజీ కూడా ఉంది. మచిలీపట్నంలో 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన బడి మన ప్రాంతానికి ఎంతో మేలు చేసింది. అయినా ఆయన కాలంలో ఆ బడి తలుపు పై కులాల పిల్లలకే తెరుచుకుంది, మాల మాదిగ పిల్లలకు కాదు. ఈనాటికీ ఎన్ని ఊళ్లలో మాలపల్లె గుడి ఒకటి, మాదిగపల్లె గుడి ఒకటి? ఎన్నిచోట్ల సమాధుల తోటలు వేరు? క్రైస్తవ పెళ్లి సంబంధాల ప్రకటనల్లో 'రక్షణ పొందిన' అన్న మాట పక్కనే కులం పేరు ఎందుకు ఉంటోంది?

కొచ్చిలో జరిగింది

ఈ జబ్బు మనకు ఒక్కరికే లేదు. మన దేశంలో అందరూ ఎరిగిన సమాజమందిరం కేరళలోని కొచ్చి పట్టణం, మట్టాంచేరిలో ఉంది. స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో హింస తట్టుకోలేక పారిపోయి వచ్చిన యూదులకు కొచ్చి రాజు తన కోట పక్కనే చోటిచ్చాడు. 1568లో అక్కడ పరదేశి సమాజమందిరం కట్టారు. 1662లో పోర్చుగీసువారు దాన్ని పాడుచేశారు. క్రీస్తు పేరు పెట్టుకున్నవారే ఆ పని చేశారని మనం గుర్తుంచుకోవాలి. డచ్చివారు కొచ్చిని పట్టుకున్నాక మళ్లీ బాగుచేసుకున్నారు. 18వ శతాబ్దంలో చైనా నుంచి నీలి తెలుపు పలకలు తెప్పించి నేల పరిచారు. 1760లో గడియార స్తంభం కట్టారు. 1968లో 400 ఏళ్ల పండుగకు ప్రధాని ఇందిరా గాంధీ వచ్చారు, తపాలా బిళ్ల కూడా విడుదలైంది.

ఇంత అందమైన మందిరంలో శతాబ్దాల పాటు ఒక గీత ఉండేది. అంతకు ఎంతో ముందునుంచే కేరళలో ఉన్న మలబారు యూదులను 'నల్ల యూదులు' అని వేరుపెట్టి పరదేశి మందిరంలో సభ్యత్వం ఇవ్వలేదు. ఒకప్పటి దాసుల సంతతివారికి బల్లల మీద చోటు లేదు. వారు ముందు గదిలోనో నేలమీదనో కూర్చోవాలి. తోరా చదవడానికి వారిని పిలిచేవారు కాదు. వారిలో పుట్టిన అబ్రహాం బరాక్ సేలం లాయరు చదివి, గాంధీగారి మార్గంలో సత్యాగ్రహం పట్టాడు. ఆ మందిరాన్ని బహిష్కరించాడు. ఏళ్ల తరబడి పోరాడితే మెల్లమెల్లగా ఆ గీత చెరిగింది.

అది చెరిగేనాటికి కాలం మించిపోతోంది. ఇజ్రాయెల్ దేశం ఏర్పడ్డాక 1950వ దశకంలో మలబారు యూదుల్లో ఎక్కువమంది వెళ్లిపోయారు, తరువాత పరదేశులూ వెళ్లారు. ఇప్పుడు ఆ మందిరాన్ని చూడటానికి ప్రపంచమంతటి నుంచి జనం వస్తారు. ప్రార్థనకు కావలసిన పదిమంది స్థానికులు మాత్రం లేరు. ఒకప్పుడు నేలమీద కూర్చోబెట్టినవారిని బల్లమీద కూర్చోబెట్టి ఉంటే ఎన్ని తరాల సహవాసం దక్కేదో!

గుర్తింపు ఎవరు ఇవ్వాలి?

భారతదేశం నుంచి వెళ్లిన యూదులకు ఇజ్రాయెల్‌లో కూడా తేలికగా గుర్తింపు దొరకలేదు. బొంబాయి ప్రాంతపు బెనే ఇజ్రాయెల్ వారిని, పెళ్లిళ్ల దగ్గర, వంశం రుజువు చేసుకోమన్నారు. వారు ఆందోళన చేయగా 1964లో అందరితో సమానమైన యూదులుగా అంగీకరించారు. మణిపూర్, మిజోరాంలకు చెందిన బ్నే మెనాషే వారిని 2005లో అక్కడి ప్రధాన రబ్బీల్లో ఒకరు ఇశ్రాయేలు సంతతిగా ఒప్పుకున్నారు. కొత్తరెడ్డిపాలెం వారికి అలాంటి ఒప్పుకోలు దొరకలేదు.

ఇంటి దగ్గర కూడా వారి పరిస్థితి కష్టమే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే షెడ్యూల్డ్ కులాల కింద లెక్కకు వస్తారు. దళిత క్రైస్తవులు ఆ లెక్కలో లేరు. యూదులమని చెప్పుకునే దళితులూ లేరు. మతం మారితే కులం పోతుందని కాగితం చెబుతుంది, ఊరు చెప్పదు. ఈ అన్యాయం కింద వారూ మనమూ ఒక్కచోటే నిలబడి ఉన్నాం.

సంఘాలకు మా మనవి

మా విశ్వాసాన్ని దాచుకోము. నజరేతు సమాజమందిరంలో యెషయా గ్రంథం చదివినవాడే వాగ్దానం చేయబడిన మెస్సీయ అని మేము నమ్ముతాము. కొత్తరెడ్డిపాలెం వారు అలా నమ్మరు. ఈ తేడా చిన్నది కాదు, దాన్ని చిన్నది చేసి మాట్లాడటం వారికీ గౌరవం కాదు, మనకూ కాదు. అయితే తేడా ఉన్నచోట ఎగతాళి ఎందుకు? అడవి ఒలీవ కొమ్మలు సహజమైన కొమ్మల మీద అతిశయించకూడదని పౌలు రోమా పత్రిక 11వ అధ్యాయంలో హెచ్చరించాడు. ఆ హెచ్చరిక అన్యజనులమైన మనకోసమే రాసింది.

ఈమధ్య మన సంఘాల్లో ఇజ్రాయెల్ మోజు పెరిగింది. పుల్పిట్ పక్కన ఆ దేశపు జెండా పెడతారు, పొట్టేలు కొమ్ము ఊదుతారు, యొర్దాను నీళ్లు సీసాల్లో అమ్ముతారు. అంత మోజు ఉన్నవారు తెనాలి దాటి నాలుగు అడుగులు వేసి, అదే ఇశ్రాయేలు పేరు చెప్పుకుంటున్న కూలి మనిషి ఇంట్లో మంచినీళ్లు తాగగలరా? జెండాను ప్రేమించడం సులువు, పక్క పల్లెలో ఉన్న మనిషిని ప్రేమించడమే ఆజ్ఞ.

కాబట్టి మా మనవి ఇది. అటువైపు వెళ్లే పనిబడితే చుట్టంలా వెళ్లండి. ఫొటోల కోసం, సాక్ష్యాల వీడియోల కోసం వెళ్లకండి. వారిని తిరిగి తేవాలని వాదానికి దిగేముందు, వారి తాతలు కూర్చున్న గుడిలో వారికి ఏ బల్ల ఇచ్చారో కనుక్కోండి. మచిలీపట్నంలో ఆ కుటుంబాలకు పొరుగున ఉన్న విశ్వాసులు పండుగనాడు పలకరించండి, కష్టంలో నిలబడండి.

పాస్టరు గారలకు మరొక మాట. యాకోబు పత్రిక 2వ అధ్యాయం ఈ నెలలో ఒక ఆదివారం బోధించండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు, మురికి బట్టలు కట్టుకున్న దరిద్రుడు ఒకే సభలోకి వచ్చినప్పుడు ఒకనికి మంచి ఆసనం చూపి, ఇంకొకణ్ణి పాదపీఠం దగ్గర కూర్చోమనే సంఘాన్ని యాకోబు అక్కడ గద్దిస్తాడు. అది క్రైస్తవ సంఘానికి రాసిన పత్రిక. అయినా ఆ కూటాన్ని ఆయన పిలిచిన గ్రీకు మాట యూదుల మందిరానికి వాడే మాటే. మన తెలుగు బైబిలులో కూడా అక్కడ 'సమాజమందిరము' అనే ఉంది. అంటే ఆ మాట మన గుడికి కూడా చెందుతుంది. ఎవరు ఎక్కడ కూర్చున్నారన్న ప్రశ్న కొచ్చి మందిరాన్ని అడిగింది, ఇప్పుడు మనల్ని అడుగుతోంది.

వచ్చే ఆదివారం ఆరాధన మొదలయ్యేముందు మీ సంఘంలో ఎవరు చాప చివర కూర్చున్నారో, ఎవరు అసలు రావడం మానేశారో ఒకసారి చూడండి. రావడం మానేసినవారి ఇంటికి ఆ వారంలోనే వెళ్లండి. ప్రభువు మీకు తోడైయుండును గాక.